రేసు ప్యాడ్ల మాహాత్మ్యం

కారు కొన్న మూడో నెలలో కొందరు కుర్రాళ్లకు ఒక జ్ఞానోదయం అవుతుంది. కంపెనీవాడిచ్చిన బ్రేకులు బండిని ఆపడానికి చాలవట! అప్పటిదాకా ఆ బ్రేకులే ఎన్ని సిగ్నళ్ల దగ్గర, ఎన్ని స్పీడు బ్రేకర్ల ముందు, ఎన్ని గేదెల ఎదుట ఆ బండిని బుద్ధిగా ఆపాయో లెక్క లేదు. అయినా ఆ రోజు నుంచి కుర్రాడికి నిద్ర పట్టదు. పదిహేను రోజులు ఫోనులో వీడియోలు చూసి, పదహారో రోజున విజయవాడ ఆటోనగర్‌లోనో హైదరాబాద్ రాణిగంజ్‌లోనో ఒక కౌంటరు ముందు నిలబడతాడు.

"అన్నా, రేసింగ్ ప్యాడ్లున్నాయా?"

"ఏ రంగు?"

కొట్టువాడి ప్రశ్నలో తప్పేమీ లేదు. బ్రిటన్‌కు చెందిన ఈబీసీ కంపెనీ తన ప్యాడ్లకు గ్రీన్‌స్టఫ్, రెడ్‌స్టఫ్, యెల్లోస్టఫ్, బ్లూస్టఫ్ అని రంగుల పేర్లే పెట్టింది. ఏ రకం ఏ వాడకానికో సులువుగా పోల్చుకోవడానికి అదొక గుర్తు. కొనేవాళ్ల చేతిలో పడ్డాక మాత్రం వ్యవహారం చీరల కొట్టును తలపిస్తుంది. తెల్ల బండికి ఎరుపు నప్పుతుంది, నల్ల బండికి పసుపు బాగుంటుంది. ప్యాడు చక్రం లోపల, కాలిపర్ మాటున దాక్కుంటుందనీ, పెళ్లివారెవరూ వంగి చూడరనీ ఎవరికీ తట్టదు.

ఈ బ్రేకు ప్యాడు పుట్టుక తెలిస్తే హడావుడి కొంతైనా తగ్గాలి. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని, ఆయన తయారుచేసిన మూడు చక్రాల బండిలో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు బయల్దేరింది. దూరం నూరు కిలోమీటర్ల పైమాటే. పల్లాల్లో బ్రేకు దిమ్మలు అరిగిపోతుంటే, దారిలో చెప్పులు కుట్టే అతని చేత వాటికి తోలు కొట్టించింది. తొమ్మిదేళ్లకు, 1897లో, ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ బ్రేకు లైనింగుల వ్యాపారం పెట్టాడు. డర్బీషైర్ కొండదారుల్లో రైతులు బండి బ్రేకులకు పాత బూట్లు అడ్డం పెట్టడం చూశాకే ఆయనకు ఆ ఆలోచన వచ్చిందంటారు. తన ఇంటిపేరులోని అక్షరాలను అటూ ఇటూ మార్చి, భార్య ఎలిజబెత్ పేరులోంచి ఒక అక్షరం చేర్చి ఆయన పెట్టిన పేరే ఫెరోడో. నేడు రేసు కార్లకు ప్యాడ్లు చేస్తున్న ఆ బ్రాండుకు మూలపురుషుడు ఒక పాత బూటన్నమాట. వెనక చక్రానికి హవాయి చెప్పు అదిమి సైకిలు ఆపిన మన పిల్లలంతా ఆ గోత్రంవాళ్లే.

ప్యాడు పని వేగాన్ని వేడిగా మార్చడం. వెయ్యి కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగిందంటే సుమారు 386 కిలోజౌళ్ల శక్తిని ఎక్కడో దించుకోవాలి. దాదాపు అంతా బ్రేకుల్లోనే వేడిగా దిగుతుంది. కుండలోని లీటరుంబావు నీళ్లు తెర్లడానికి ఆ వేడి చాలు. వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలు. ఆఫీసుకు వెళ్లేవాడు అంత గట్టిగా బ్రేకు తొక్కేది ఎప్పుడో ఒకసారి, ఆ తర్వాత డిస్కులు గాలికి చల్లారిపోతాయి. శ్రీపెరంబుదూరు దగ్గరున్న మద్రాసు ట్రాకు మీద కథ వేరు. 3.7 కిలోమీటర్ల చుట్టులో పెద్ద మలుపు వచ్చినప్పుడల్లా, చుట్టు వెంట చుట్టు, ఇరవై నిమిషాలు అదే తొక్కుడు. డిస్కు చల్లారే సందు ఉండదు. మామూలు ప్యాడులోని రెజిన్ మాడి వాయువు వదులుతుంది, పట్టు జారుతుంది. కాలి కింద పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగనంటుంది. ఆ అగ్నిపరీక్ష కోసం పుట్టింది రేసు ప్యాడు.

అందుకే చల్లగా ఉన్నప్పుడు అది మొరాయిస్తుంది. ఒంట్లో వేడి ఎక్కేదాకా డిస్కును సరిగా పట్టదు, కీచుమంటుంది, డిస్కును గీరేస్తుంది, చక్రాల నిండా నల్లటి పొడి కక్కుతుంది. ఫార్ములా వన్ కార్ల కార్బన్ బ్రేకులదీ ఇదే గుణం, కాకపోతే ఇంకా ఘాటుగా. 2021 జూన్ 6న బాకూలో ఆగిన రేసు మళ్లీ మొదలవుతోంది. ముందు బ్రేకులను వేడెక్కించడానికి మెర్సిడెస్ కారులో 'బ్రేక్ మ్యాజిక్' అనే ఏర్పాటు ఉండేది. లూయిస్ హామిల్టన్ చేయి పొరపాటున దాని మీటకు తగిలి బ్రేకుల బలం దాదాపు అంతా ముందు చక్రాల మీదికి పోయింది. కారు మొదటి మలుపు తిరగకుండా తిన్నగా పోయింది, ఆయన 15వ స్థానంలో మిగిలాడు. ఏడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన మనిషికే బ్రేకులు వెచ్చబెట్టుకోవడానికి ఇంత తంటా ఉంటే, కూకట్‌పల్లి సిగ్నలు దగ్గర అడుగు తీసి అడుగు వేసే మన వీరుడి ప్యాడ్లు ఎప్పటికి కాగాలి?

వీరుడు ట్రాకుకు వెళ్లడని కాదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళతాడు. శుక్రవారం రాత్రి హైదరాబాద్‌లో బయల్దేరి, రేసు ప్యాడ్లను ఇంటి దగ్గరే బిగించుకుని, ఆరువందల పైచిలుకు కిలోమీటర్లు వాటి మీదే పోతాడు. తెల్లారుజామున ఒంగోలు దాటాక, నెల్లూరు రోడ్డు మీద, ఎవరి అనుమతీ అడగకుండా ఒక గేదె హైవే ఎక్కుతుంది. రాత్రంతా చలిగాలి తగిలిన డిస్కుల మీద మన వీరుడు కాలు మోపుతాడు. ట్రాకు మీద ఇరవై నిమిషాల వైభవం కోసం చేసుకున్న ఏర్పాటుకు అసలు పరీక్ష అక్కడ జరుగుతుంది. తెలిసినవాళ్లు ఆ ప్యాడ్లను డిక్కీలో వేసుకుపోయి, ప్యాడాక్‌లో జాకీ ఎత్తి మార్చుకుంటారు. చేయి తిరిగినవాడికి అదేమంత పెద్ద పని కాదు. కానీ వీడియోలో కనిపించేది జాకీ కాదు కదా.

ఇక 'సిరామిక్' అనే మంత్రం. ఆ మాట వినగానే పోర్షే, ఫెరారీ గుర్తొచ్చి పర్సు దానంతటదే తెరుచుకుంటుంది. ఆ ఖరీదైన కార్లలో ఉండేవి కార్బన్ సిరామిక్ డిస్కులు, అదొక జాతి. కొట్టులో డబ్బాలో దొరికే సిరామిక్ ప్యాడు మామూలు ఇనుప డిస్కు కోసం, ముఖ్యంగా చప్పుడు, పొడి తక్కువగా ఉండాలని చేసిన సంసారపక్షమైన సరుకు. మేలురకం బియ్యం పేరు విని బిర్యానీ ఆకు కొనుక్కొచ్చినట్టుంటుంది ఈ బేరం.

ఇంతకన్నా చవకైన మార్గం కూడా ఉంది. 1961లో ఇటలీలో మొదలైన బ్రెంబో కాలిపర్లను తలపించేలా ఎర్ర ప్లాస్టిక్ తొడుగులు దొరుకుతాయి. మామూలు కాలిపర్ మీద అతికిస్తే చాలు, బండి రేసు కారు అయిపోతుంది, ఆగి ఉన్నంతసేపు. గాలి తగలాల్సిన చోట దుప్పటి కప్పడమే ఇది.

ఒక ముక్క వీడియోల్లో అరుదుగా వినిపిస్తుంది. ప్యాడు ఆపేది చక్రాన్ని, బండిని ఆపేది టైరు. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కొత్త కార్లన్నిటికీ, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి. గట్టిగా తొక్కినప్పుడు కాలి కింద పెడల్ టకటకా కొట్టుకుందంటే, మామూలు ప్యాడ్లే టైరు పట్టుకు మించిన బలం ఇచ్చేశాయని అర్థం. ఆపైన ఎంత ఖరీదైన ప్యాడు వేసినా అరిగిన టైరు ఒక్క అడుగు ముందు ఆగదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగింది, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ కార్లను వెనక చక్రాలకు హైడ్రాలిక్ బ్రేకులే లేకుండా రూపొందించారు, అక్కడ వేగాన్ని తగ్గించే పని మోటార్లదే. కంచె అవతల నిలబడి ఈలలు వేసినవాళ్లలో ఎంతమంది మర్నాడు వెనక చక్రాలకు రేసు ప్యాడ్ల ధర అడిగారో రాణిగంజ్‌కే తెలియాలి.

తిండికి ఠికానా లేదు గాని మీసాలకు సంపెంగ నూనె అన్నట్టు, ఈ సంబరంలో బ్రేకు ఆయిలును పట్టించుకునేవాడు ఉండడు. అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ చేరాక ఆ ప్రమాణమే 155కు దిగుతుంది. ట్రాకు మీద కాలిపర్ ఆ వేడి అందుకోగానే ఆయిలులో ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ మెత్తగా నేలకు దిగిపోతుంది. పైన ఏ రంగు ప్యాడున్నా అప్పుడు ఒకటే. బానెట్ కింద మూలన ఉండే చిన్న డబ్బా మూత తీసి మెకానిక్ వేలు ముంచితే సంగతి తేలిపోతుంది: కొత్తది లేత తేనె రంగు, నాలుగేళ్లనాటిది ఇరానీ హోటలు డికాషన్. మన గ్యారేజీల్లో చాలాచోట్ల దాన్ని మార్చరు, తగ్గినంత పోస్తారు.

ప్యాడు ఎంచుకోవడానికి నిజానికి కావలసిన సమాచారం ఒక్కటే, ఆ బండి డిస్కు ఆ ట్రాకు మీద ఎంత కాగుతుందన్నది. అది కనిపెట్టడానికి డిస్కు అంచుకు పూసే రంగులున్నాయి, ఒక్కొక్కటి ఒక్కో వేడి దగ్గర రంగు మారుతుంది. ఈ కథలో పట్టించుకోదగ్గ రంగు అదొక్కటే, కొట్టులో ఎవరూ అడగనిదీ అదే. ఆ అంకె చేతిలో ఉంటే, ఆ వేడిలో నిలబడే ప్యాడేదో డబ్బా మీది రంగుతో పని లేకుండా తేలుతుంది.

ఈ నెల మద్రాసు ట్రాకుకు బయల్దేరేవాళ్లకు ఒక మనవి. కొత్త ప్యాడ్ల డబ్బా విప్పే ముందు బానెట్ ఎత్తి ఆ చిన్న డబ్బా మూత తీయండి. లోపల డికాషన్ కనిపిస్తే ముందు దాన్ని మార్పించండి. ఖర్చు కొన్ని వందల రూపాయలు.