బాబాయి జలగండం

మా బాబాయికి జలగండం ఉందని ఏ జ్యోతిష్కుడూ చెప్పలేదు. ఆయనే రాసుకున్నాడు. ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరైన మనిషి కాబట్టి స్నానం ఎగ్గొట్టడానికి జలుబు, తలనొప్పి లాంటి చిల్లర సాకులు వెతకడు. ఏకంగా జంతుకోటినే సాక్ష్యానికి పిలుస్తాడు.

“ఏవండీ, నీళ్ళు చల్లారిపోతున్నాయి” అని పిన్ని కేకేస్తుంది.

“పిల్లికి ఎవరు కాస్తున్నారే వేడినీళ్ళు?” అంటాడు. ఇక మొదలు. పిల్లి నాలుక మీది ముళ్ళు చివర గరిటెలా బోలుగా ఉంటాయట, ఉమ్మిని బొచ్చు అడుగున చర్మం దాకా చేరవేస్తాయట. 2018లో అమెరికాలో జార్జియా టెక్ వాళ్ళు ఈ సంగతి తేల్చిన దగ్గర్నుంచీ, అదేదో తన థీసిస్ అయినట్టు ఆయనకు పట్టపగ్గాల్లేవు. మెలకువగా ఉన్న సమయంలో చెప్పుకోదగ్గ భాగం పిల్లి ఒళ్ళు నాక్కోవడానికే ఖర్చుపెడుతుందని ముక్తాయిస్తాడు. “మరి నువ్వెప్పుడు నాక్కుంటావు తాతయ్యా?” అని మావాడు అడిగితే పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

కాకిస్నానం అని ఎవరైనా వెక్కిరిస్తే కాకి తరఫున కోపం తెచ్చుకుంటాడు. “అది తడిశాక ఈక ఈకా ముక్కుతో దువ్వుకుంటుందిరా. నువ్వు నాలుగు మగ్గులు కుమ్మరించుకుని వచ్చేస్తావు” అని నన్నే నిలదీస్తాడు. ఆ నాలుగు మగ్గులైనా తనకు లేవని గుర్తుచేస్తే పెద్దరికం దెబ్బతింటుంది, ఊరుకుంటాను. పెరట్లో కోడి దుమ్ములో పొర్లుతుంటే మాత్రం కుర్చీ వేసుకుని చూస్తాడు. ఈకల్లో ఎక్కువైన జిడ్డును దుమ్ము పీల్చేస్తుందనీ, పురుగు వదులుతుందనీ ఆయన చెప్పాకే నేనూ ఆగి చూడటం నేర్చుకున్నాను. డిసెంబరు పొద్దుల్లో, నిజం చెప్పొద్దూ, ఆయన వాదం నాకూ సబబుగానే తోస్తుంది. కానీ పెళ్ళిళ్ళకు వెళ్ళే కార్లో ఆయన పక్క సీటు ప్రతిసారీ నాకే ఎందుకు రాసిపెట్టి ఉంటుందో!

మొన్న భోగినాడు తలంటుకి పిలిస్తే పక్షుల మీద పడ్డాడు. చాలా పక్షులకు తోక మొదట్లో నూనె గ్రంథి ఉంటుంది, ముక్కుతో తీసి ఈకలకు రాసుకుంటాయి, వాటికెవరూ తలంటక్కర్లేదు అన్నాడు.

“మీకుందా ఆ గ్రంథి?” అంది పిన్ని.

“మనుషులకుండదే.”

“అందుకే ఈ గిన్నె” అని నువ్వులనూనె మాడున పోసేసింది.

కాసేపు గింజుకున్నాడు. ఆవిడ వేళ్ళు కుదుళ్ళలోకి దిగేసరికి కళ్ళు మూతలు పడ్డాయి. “కోతులు ఒకదాని తల ఒకటి చూసుకునేది పేల కోసమే కాదే, చెలిమికి కూడా. చూపించుకునే కోతికి గుండె వేగం కూడా తగ్గుతుంది...” అని గొణిగాడు.

“కోతులే నయం. తల వంచమంటే వంచుతాయి. కళ్ళు గట్టిగా మూసుకోండి, కుంకుడురసం పోస్తున్నా.”