నెత్తురు మాది, నిర్ణయం మీది

మా ఉద్దానం కిడ్నీ రోగి అంత మంచి రోగి భూప్రపంచంలో ఇంకెక్కడా దొరకడు. ఇది మా గొప్ప కోసం చెప్పుకుంటున్నది కాదు, ఏళ్ల తరబడి రుజువైన సంగతి. నెత్తురు ఇమ్మంటే చెయ్యి చాపుతాడు. మూత్రం పట్టి తెమ్మంటే పట్టి తెస్తాడు. బావిలో నీళ్లు, బోరులో నీళ్లు, పెరట్లో మట్టి, ఎవరికి ఎంత కావాలంటే అంత. విశాఖ ఆంధ్ర వైద్య కళాశాల వాళ్లొచ్చారు, హార్వర్డ్ వాళ్లొచ్చారు, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లొచ్చారు, ఐసీఎంఆర్ వాళ్లొచ్చారు. నీళ్లలో సిలికా ఉందన్నారు. పురుగుమందులన్నారు, నొప్పి బిళ్లలన్నారు, ఎండలో నీళ్లు తాగకుండా పని చేయడమన్నారు, చివరికి జన్యువులన్నారు. ఇదే కారణమని తేల్చినవాడు మాత్రం ఇంకా రాలేదు. అయినా మేం ఎవరినీ నిలదీయలేదు. వచ్చినవాళ్లకి కొబ్బరిబొండాం కొట్టిచ్చి, వెళ్లేటప్పుడు జీడిపప్పు పొట్లం చేతిలో పెట్టి పంపాం.

ఇంత సాధువు కాబట్టే అతను నోరు విప్పి ఒక్క ప్రశ్న అడిగితే ఆసుపత్రి కంగారు పడిపోతుంది.

కవిటి దగ్గర కొబ్బరితోట చేసుకునే మా చిన్నాన్న అడిగాడు. క్రియాటినిన్ పెరిగిపోయిందని ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. (పేరెందుకులెండి, అక్కడికే మళ్లీ వెళ్లాలి.) డాక్టరుగారు కాగితం చూసినంతసేపు కూడా మనిషిని చూడలేదు. డయాలసిస్‌కి వారానికి మూడుసార్లు రావాలి, ముందు మెడ దగ్గర గొట్టం వేస్తాం, తర్వాత చేతికి ఫిస్టులా చేస్తాం అని చెప్పి తదుపరి రోగి కోసం గంట కొట్టారు. చిన్నాన్న లేవలేదు.

"బాబూ, కడుపులో గొట్టమేసుకుని ఇంటికాడే సంచులతో సేసుకుంతారంట గదా. అది నాకు పనికిరాదేటి?"

డాక్టరుగారు అప్పుడు కళ్లజోడు తీశారు. "నీకెవరు చెప్పారు?"

పనికొస్తుందనీ అనలేదు, రాదనీ అనలేదు. ఎవరు చెప్పారు, అదొక్కటే. పోలీసు స్టేషనులో దొంగసొత్తు గురించి ఆరా తీసినట్టు అడిగారు. ఆ తర్వాత తీర్పు: "అవన్నీ చదువుకున్నవాళ్లకి తాతా. చేతులు శుభ్రంగా ఉండాలి. మీ ఇళ్లల్లో పెట్టుకుంటే వారానికే ఇన్‌ఫెక్షన్. నీ మంచికే చెప్తున్నాను."

మా చేతులు శుభ్రంగా ఉండవట! పలాసలో జీడిపరిశ్రమ దాదాపు నడిచేది ఆడవాళ్ల చేతుల మీదే. జీడిపిక్క కొడితే కారే నూనె చర్మం ఊడొచ్చేలా కాలుస్తుంది. ఆ నూనె పప్పుకి అంటకుండా, గుండు బద్ద కాకుండా తీసి, పొట్టు ఒలిచి, కంటి చూపుతో గ్రేడులు ఏరి పెడతారు. ఆ చేతులు ఒలిచిన పప్పు డాక్టరుగారి ఇంట్లో పాయసంలోకి నిస్సందేహంగా పనికొస్తుంది. అవే చేతులు సబ్బుతో కడుక్కుని, మాస్కు పెట్టుకుని, సంచి మూత విప్పి గొట్టానికి తగిలించడానికి మాత్రం పనికిరావు.

సంచి విద్య ఏమిటో తెలియనివాళ్ల కోసం ఒక మాట. దీన్ని పెరిటోనియల్ డయాలసిస్ అంటారు. కడుపు లోపలి పొరే జల్లెడగా పనిచేస్తుంది. కడుపులో పెట్టిన సన్నని మెత్తని గొట్టం ద్వారా రెండు లీటర్ల ద్రవం లోపలికి దింపుతారు, కొన్ని గంటలు ఉంచుతారు, మలినాలతో సహా బయటికి వదిలేస్తారు. మామూలుగా రోజుకి నాలుగుసార్లు. ఒక్కో మార్పుకి అరగంటకి కాస్త అటూఇటూ. చేత్తో చేసుకునే పద్ధతికి కరెంటు అక్కర్లేదు, ద్రవం కిందకి దిగడానికి ఒక కొక్కెం ఉంటే చాలు.

ఇప్పుడు యంత్రం సంగతి. నెత్తురు శుద్ధిచేసే యంత్రం మీద నాలుగు గంటలు పడుకుంటే, అందులో వాడే ద్రవానికే సుమారు 120 లీటర్ల శుద్ధిచేసిన నీళ్లు కావాలి. వారానికి మూడుసార్లంటే 360 లీటర్లు. నీళ్ల మీదే అనుమానం ఉన్న నేలలో, ఆ నీళ్లనే శుద్ధిచేసి వారానికి 360 లీటర్లు వాడాలి. సంచులకైతే వారానికి 56 లీటర్లు, అదీ కంపెనీలో సీలు వేసి వచ్చేది. పైగా 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా దగ్గరే ఒడ్డు దాటింది. కొబ్బరిచెట్లు రోడ్లకి అడ్డం పడ్డాయి, ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి తీరంలో కరెంటు, రోడ్డు, కారు మూడూ కుదిరితేనే బతికే వైద్యాన్ని ఒక్కదాన్నే చూపించి ఇంకోదాని పేరెత్తవద్దనడం ఎవరి తెలివి?

డాక్టర్ల పక్షాన చెప్పాల్సింది లేకపోలేదు. శుభ్రత తప్పితే కడుపులో చీము పడుతుంది, అది ప్రాణం మీదికి తెస్తుంది. కడుపుకి పాత ఆపరేషన్లు అయినవాళ్లలో కొందరికి, హెర్నియా ఉన్నవాళ్లకి ఈ పద్ధతి కుదరకపోవచ్చు. నెలకి 120 సంచులు దాచుకునే చోటు కావాలి. ఇంట్లో ఆసరా లేనివాళ్లకి ఆసుపత్రి యంత్రమే మేలు, అక్కడికెళ్తే నలుగురు కనబడతారని దాన్నే కోరుకునేవాళ్లూ ఉన్నారు. ఇవన్నీ మంచి కారణాలే. అందులో ఒక్కటైనా చిన్నాన్నతో చెప్పారా? చదువు లేదన్నారు, చేతులు మురికన్నారు, అంతే.

అమెరికాలో చక్కెరజబ్బువాళ్లు ఇన్సులిన్ పంపు గొట్టం ఉన్నదా, లేనిదా, ఏ కంపెనీది అని డాక్టరుతో వాదిస్తారట. కుదరకపోతే డాక్టర్నే మార్చేస్తారట. అది వాళ్ల విలాసం అనుకుందాం. హాంకాంగ్ 1985 నుంచీ ముందు సంచి విధానమే అన్నది. థాయిలాండ్ 2008లో పేదల పథకంలో దాన్నే మొదటి వరుసలో పెట్టింది. 2022లో అదే థాయిలాండ్ తన నిబంధన సడలించి, ఏది కావాలో రోగి, డాక్టరు కలిసి తేల్చుకోమంది. వరిచేలల్లో పనిచేసే థాయ్ రైతు చేతులకి శుభ్రత అబ్బింది కానీ, కొబ్బరిచెట్టెక్కే ఉద్దానం వాడికి అబ్బదా? మన కేంద్ర ప్రభుత్వమే జాతీయ డయాలసిస్ పథకంలో ఈ పద్ధతి పెట్టడానికి 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. అవి పలాస వచ్చే బండిలో ఏ స్టేషనులో దిగిపోయాయో రైల్వేవారే చెప్పాలి.

ఎందుకు దిగిపోయాయో ఊహించడం కష్టం కాదు. యంత్రానికి సిట్టింగు లెక్కన బిల్లు పడుతుంది. సంచి రోగి ఇంటికెళ్లిపోతాడు, ఇంట్లో కూర్చున్నవాడికి సిట్టింగు ఎక్కడిది? నాయకులకి ఇంకో ఇబ్బంది. యంత్రాల గదికి రిబ్బను కట్టొచ్చు, కత్తెర పట్టొచ్చు, ఫోటో దిగొచ్చు. కవిటిలో ఓ పెంకుటింట్లో కొక్కేనికి వేలాడే సంచిని ఏ మంత్రి ప్రారంభిస్తాడు?

కట్టినవాటిని తక్కువ చేయడం లేదు. ఒకప్పుడు ఒక్క డయాలసిస్ కోసం విశాఖకో బరంపురానికో పోవాల్సిన మాకు సోంపేటలో, పలాసలో యంత్రాలు రావడం చిన్న సంగతి కాదు. 2019 సెప్టెంబరు 6న శంకుస్థాపన జరిగిన పలాస కిడ్నీ పరిశోధన కేంద్రాన్ని, 200 పడకల ఆసుపత్రిని 2023 డిసెంబరు 14న తెరిచారు. అదేరోజు 700 కోట్ల మంచినీటి పథకమూ ప్రారంభించారు. ఎవరి హయాంలో ఎన్ని మంచాలు వేశారన్నది పార్టీలు తేల్చుకుంటాయి, వాళ్లకి అది సరదా. ఆ మంచం మీద పడుకునేవాడి ఇష్టం అడగడానికి ఏ పార్టీకీ పైసా ఖర్చు కాదు కదా, మరి ఎందుకు అడగరు?

చిన్నాన్న మెడకి గొట్టం వేయించుకున్నాడు. ఆటోలో తిరిగొస్తూ ఒకే మాటన్నాడు: "నాను ఒద్దన్లేదు గదా, అడిగినానంతే."

కాబట్టి ఉద్దానం బంధువులారా, సౌమ్యంగానే అడుగుదాం. మీ ఇంట్లో ఎవరికైనా డయాలసిస్ మాట వస్తే, మెడకి గొట్టం వేయకముందే రెండు పద్ధతులూ చెప్పమనండి. సంచి పద్ధతి కుదరదంటే ఎందుకు కుదరదో చీటీ మీద రాసి సంతకం పెట్టమనండి. మీకెవరు చెప్పారని డాక్టరుగారు అడిగితే నా పేరు చెప్పండి.