కలర్ గ్యారంటీ! ఎవరి కలరో అడక్కండి

పెళ్లి ఆల్బమ్ ఇంటికొచ్చిన రోజున చాలా ఇళ్లలో అదనంగా ఇంకో కోడలు దిగుతుంది. పీటల మీద కూర్చున్న అమ్మాయిది చామనచాయ, ఆల్బమ్‌లోని అమ్మాయిది పిండి రంగు. కట్టుకున్నది నెమలికంఠం రంగు పట్టుచీర, అచ్చయింది ఊరూ పేరూ లేని ఏదో నీలం. అత్తగారు కళ్లజోడు సవరించుకుని, "ఇదెప్పుడు కట్టిందే?" అని ఆడపడుచును అడుగుతుంది. స్టూడియోకి ఫోన్ చేస్తే అటునుంచి తడుముకోకుండా జవాబు: "మా సిస్టంలో పర్ఫెక్ట్‌గా ఉందండీ!"

తెలుగునాట ఫోటో వ్యాపారం సగం ఈ ఒక్క మాట మీదే నడుస్తోంది. దీనికి అప్పీలు లేదు. ఎందుకంటే ఆ సిస్టం దగ్గరికి వెళ్లి చూసినవాడు లేడు. పోనీ, మనం వెళ్దాం.

కిటికీ పక్కన మానిటర్. మధ్యాహ్నం ఎండ నేరుగా తెర మీదే పడుతుంటుంది. అది కనపడ్డం లేదని బ్రైట్‌నెస్ వందకు పెట్టి ఉంటుంది. వెనక గోడకు చిలకపచ్చ పెయింటు. తెర పైమూల పసుపు, దాని మీద కుంకుమబొట్టు. కిందటి దసరాకి ఆయుధపూజలో పెట్టింది. ఆ మానిటర్‌కి ఏటా పూజ జరుగుతుంది, క్యాలిబ్రేషన్ మాత్రం కొన్ననాటి నుంచి జరగలేదు.

క్యాలిబ్రేషన్ పెద్ద యాగమేమీ కాదు. కలరీమీటర్ అని అరచేతిలో పట్టే పరికరం ఒకటుంటుంది. దాన్ని తెర మీద ఆనిస్తే, సాఫ్ట్‌వేర్ వరసగా చూపించే రంగుల్ని అది కొలిచి, ఈ తెర ఎక్కడ ఎంత అబద్ధమాడుతోందో లెక్క రాసిపెడుతుంది. ఆ లెక్కే ప్రొఫైల్. ప్రింట్ పనికి తెర వెలుగు చదరపు మీటరుకు 80 నుంచి 120 క్యాండెలాలు ఉంటే చాలు. నిండా పెంచిన మామూలు మానిటర్ 250 దాటుతుంది. అంత వెలుగులో ఫోటో దిద్ది, ప్రింట్ చేతికొచ్చాక "డార్క్‌గా వచ్చిందేంటి?" అని ల్యాబ్ మీద పడతారు. ల్యాబ్‌వాడు గొడవెందుకని లైటు పెంచుతాడు. దాంతో పెళ్లికొడుకు పట్టుపంచె మీద ఒక్క మడతా మిగలదు.

పరికరం మాట ఎత్తితే చాలు, పెద్దాయనకు రోషం వస్తుంది. "ముప్ఫై ఏళ్ల అనుభవం సార్. నా కన్నే నాకు మీటరు." కన్ను గొప్పదే, కానీ సర్దుకుపోయే రకం. పసుపు బల్బు కింద కాసేపు కూర్చోబెడితే తెల్లకాగితాన్ని తెల్లగానే చూపిస్తుంది. బంగారం కొట్టాయన త్రాసు పక్కన పెట్టి "నా చెయ్యే నాకు తూకం" అంటే ఒప్పుకుని గాజులు కొనేవాళ్లెవరైనా ఉంటే, ఈ కన్ను మీటర్నీ ఒప్పుకోవచ్చు.

అడోబీ, ఆపిల్, కొడాక్, మైక్రోసాఫ్ట్ వంటి ఎనిమిది కంపెనీలు 1993లోనే కూర్చుని ఐసీసీ అనే సంస్థ పెట్టుకున్నాయి. కెమెరా, తెర, ప్రింటర్ ఒకే రంగు గురించి మాట్లాడుకునేలా ప్రొఫైళ్లకు ఒక పద్ధతి తెచ్చాయి. ప్రింటర్‌కీ, కాగితానికీ, ఇంకుకీ కలిపి ఒక ప్రొఫైల్ ఉంటుంది. ఈ మూడింటిలో ఏది మారినా అదీ మారాలి. మన దగ్గర ప్రింటర్ ఒక కంపెనీది, ఇంకు లీటర్ల లెక్కన తెచ్చింది, కాగితం ఆ వారం ఏది చవకైతే అది. పైగా రంగులు దిద్దే పని ఫోటోషాప్‌కీ అప్పగిస్తారు, ప్రింటర్ డ్రైవర్‌కీ అప్పగిస్తారు. ఒకసారి దిద్దినదాన్ని రెండోసారి దిద్దితే ముఖాలు ఎర్రబారతాయి. చూసినవాళ్లు పెళ్లికూతురికి సిగ్గెక్కువనుకుంటారు. ల్యాబ్‌వాడిని ప్రొఫైల్ ఫైలు అడిగి చూడండి. "అదేం అక్కర్లేదు సార్, జేపెగ్ పంపండి చాలు" అంటాడు.

పరికరాలమ్మేవాళ్లూ తక్కువ తినలేదు. "నూటికి నూరు శాతం మ్యాచింగ్" అంటారు. అదీ కోతే. తెర తానే వెలుగుతుంది, కాగితం తన మీద పడ్డ వెలుగును తిప్పికొడుతుంది, అంతే. తెర మీద మెరిసే కొన్ని చిలకపచ్చలు, రాణి కలర్లు కాగితం మీదికి ఎన్ని పూజలు చేసినా రావు. ఏది రాదో ముందే తెరమీద చూపించడం క్యాలిబ్రేషన్ చేసే మేలు. ప్రొఫైల్ ఉంటే సాఫ్ట్ ప్రూఫ్, అంటే అచ్చు ఎలా వస్తుందో తెర మీదే చూపే నమూనా తెరిచి, డబ్బు కట్టకముందే ఆ నష్టం చూసుకోవచ్చు.

కస్టమర్ల సంగతీ చెప్పుకోవాలి. ప్రూఫ్ వాట్సాప్‌లో వస్తుంది. డల్లాస్‌లో ఉన్న పెద్దన్నయ్య దాన్ని అర్ధరాత్రి పక్కమీద పడుకుని, ఫోన్‌లో నైట్ మోడ్ ఉండగానే చూసి, "పసుపెక్కువైంది, తగ్గించమనండి" అని వాయిస్ మెసేజ్ పెడతాడు. డాలర్లు పంపిన అన్నయ్య మాట కాదనేదెవరు? పసుపు తగ్గిస్తారు. మంగళస్నానం ఫోటోల్లో పసుపు రాసుకున్న పిల్ల నీలమేఘశ్యామలా తేలుతుంది.

అలాగని మనవాళ్లకు రంగులు తెలియవనుకుంటే పొరపాటు. నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీలో పార్టీ పసుపో, గులాబీయో రవ్వంత తేడా వస్తే కార్యకర్తలు రాత్రికి రాత్రి మళ్లీ వేయిస్తారు. అదే ఫ్లెక్సీలో నాయకుడి ముఖం తన కంటే నాలుగు ఛాయలు తెల్లగా ఉన్నా ఎవరూ కిక్కురుమనరు. అంటే కంట్లో లోపం లేదు. ఏ రంగు తప్పితే కోపం రావాలో ముందే ఖాయం చేసుకున్నాం.

కొడాక్ 1950లలో ప్రింటింగ్ ల్యాబులకు షర్లీ కార్డులని పంపేది. వాటిమీద ఒక తెల్లజాతి యువతి బొమ్మ. ఆమె ఒంటిరంగు సరిగ్గా వస్తే మెషిన్ సరిగ్గా ఉన్నట్టు లెక్క. నల్లవాళ్ల ముఖాలు గుర్తుపట్టలేనట్టు వచ్చినా చాలాకాలం చలనం లేదు. చాక్లెట్ కంపెనీలూ, ఫర్నిచర్ కంపెనీలూ తమ సరుకు రంగు సరిగా రావట్లేదని మొరపెట్టుకున్నాకే ముదురు రంగుల మీద శ్రద్ధ పెరిగిందని కొడాక్‌లో పనిచేసినవాళ్లే చెప్పారు. 1990లు వచ్చేసరికి కార్డు మీదికి రకరకాల ఛాయల మనుషులు చేరారు. మన స్టూడియోల్లో మాత్రం షర్లీ ఇంకా పర్మనెంట్ ఉద్యోగే. ఎవరూ అడక్కపోయినా, ఫోటోషాప్‌లో ఒక్క నొక్కుతో ఆల్బమ్ మొత్తానికీ సున్నం కొట్టేస్తారు. ఫెయిర్ అండ్ లవ్లీ వాళ్లే 2020లో సిగ్గుపడి పేరు మార్చుకున్నారు.

క్యాలిబ్రేషన్ అంటే అందరికీ భయం ఎందుకో ఇక్కడ తేలుతుంది. డబ్బు సాకు చెల్లదు, మంచి లెన్సు ధరలో చిన్న వాటాకే ఆ పరికరం వస్తుంది. సరిగ్గా కొలిచిన తెర మీద పిల్ల చామనచాయగానే కనిపిస్తుంది. అప్పుడు తెల్లబరిచిన నేరం మానిటర్ మీదికీ, ల్యాబ్ మీదికీ నెట్టడానికి వీలుండదు.

కాబట్టి పెళ్లివారికి ఒక మనవి. అడ్వాన్సు ఇచ్చేముందు "మీ మానిటర్ చివరిసారి ఎప్పుడు క్యాలిబ్రేట్ చేశారు?" అని అడగండి. ఆల్బమ్ అంతా అచ్చు వేయకముందే ఒక్క పేజీ టెస్ట్ ప్రింట్ తెప్పించుకోండి. దాన్ని పగటి వెలుతురులో, అసలు చీర పక్కన పెట్టి చూడండి. "అమ్మాయి ముఖం రంగు ముట్టుకోవద్దు" అని ఆర్డరు కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. చీర రంగు తప్పితే పోట్లాడే మనం, పిల్ల రంగు తప్పినప్పుడూ పోట్లాడాలి.