తెలిసింది గట్టు మీద పెట్టి రండి

పదో తరగతి తెలుగు పరీక్షలో అపరిచిత గద్యం అనగానే పిల్లలకు ఇంట్లో చెప్పే మాట ఒకటుంది: "తెలిసినదంతా రాసెయ్యి, ఏదో ఒకటి తగులుతుంది." నా సలహాలు దీనికి తలకిందులు. "ఇదేం చదువు మాస్టారూ?" అని అడిగినవాళ్లున్నారు. అయినా చెబుతాను.

1. తెలిసింది మరిచిపోండి.
కొల్లేరు సరస్సు మీద పేరా ఇస్తే ముందు దారి తప్పేది అక్కడి లంక గ్రామాల పిల్లలే. ఒకసారి ఇలా ఇచ్చాను: "బుడమేరు, తమ్మిలేరు కొల్లేట్లో కలుస్తాయి. నిండిన నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది." ఉప్పుటేరు పూడితే ఏమవుతుందని ప్రశ్న. ఒకబ్బాయి 2006లో కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేసిన సంగతి పేజీ నిండా రాశాడు. అంతా నిజమే. వాళ్ల తాత చెరువూ అప్పుడే పోయింది. కానీ పేరాలో చెరువు ఊసే లేదు. మార్కు వేయలేకపోయాను.

2. తప్పనిపించినా దిద్దకండి.
1999లో ప్రకటించిన కొల్లేరు అభయారణ్యం సుమారు 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన చిత్తడి నేల 901. హద్దులు వేరు, రెండూ నిజాలే. మీకు 308 అని గుర్తున్నా, పేరాలో 901 అని ఉంటే 901 అనే రాయండి.

3. కలం కన్నా ముందు వేలు పెట్టండి.
జవాబు ఏ వాక్యంలో ఉందో దాని కింద వేలు ఆనించండి. ఒక్క వాక్యంలో దొరక్కపోతే రెండింటి మీద రెండు వేళ్లు పెట్టండి. పై కొల్లేరు పేరానే చూడండి: ఏర్లు వచ్చి కలుస్తున్నాయి, పోయే దారి ఒక్కటే చెప్పారు. అది పూడితే నీరు నిలిచిపోతుంది. ఇది ఊహ కాదు, రెండు వాక్యాలు కలిపితే తేలిన మాట. వేలికి చోటు దొరక్కపోతే ఆ జవాబు కొట్టేయండి.

4. సొంత కవిత్వం వద్దు.
పేరాలోని మాటే వాడండి. "ఉప్పుటేరు" అని ఉన్నచోట "కాలువ" అని రాస్తే ఏ కాలువో దిద్దేవారికి తెలియదు.

5. తల్లిదండ్రులకు: ఎంత రాశావని అడక్కండి. "ఎక్కడుందిరా ఆ మాట?" అని అడగండి.

గట్టు మీద పెట్టిన తెలివి ఎక్కడికీ పోదు, వ్యాసం రాసేటప్పుడు తెచ్చుకోవచ్చు. చెరువుల సంగతి రాసిన ఆ అబ్బాయి రేపు చేపల చెరువు లీజు కాగితం మీద సంతకం పెట్టాల్సి రావచ్చు. ఎదుటివాడు నోటితో ఎన్ని చెప్పినా, కాగితం మీద వేలు పెట్టి "ఎక్కడుంది ఆ మాట?" అని ఆ అబ్బాయి అడగాలి. నా ఆరాటమంతా అందుకే.