రెక్కలొచ్చిన స్విఫ్ట్‌లు

చిక్కబళ్ళాపురంలో ఇప్పుడు పాత స్విఫ్ట్‌కు వెనక రెక్క లేకపోతే పిల్లోడికి సంబంధం కుదిరేలా లేదు. కారు హంగులమ్మే బెంగళూరు జేసీ రోడ్డుకు కారై వెళ్లింది విమానమై తిరిగొస్తోంది. ఎందుకని అడిగితే ఒకటే మాట: "గాలి కారును రోడ్డుకు అదిమిపెడుతుందన్నా! గ్రిప్ పెరుగుతుంది, మైలేజీ కూడా!"

అదిమిపెడుతుందనే అనుకుందాం. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో వచ్చేదాంట్లో 25లో దక్కేది పదహారో వంతే. చింతామణి టమోటా మార్కెట్ దగ్గర ట్రాక్టర్ వెనక 15లో పాకే కారు రెక్క మీద ఓ కాకి వాలితే చాలు, గాలి కంటే ఎక్కువే అదుముతుంది. కాకికి ఫిట్టింగ్ చార్జీ కూడా లేదు.

సరే, బాగేపల్లి దగ్గర హైవే ఎక్కావు. నాలుగు వరుసల హైవే మీద కార్లకు కేంద్రం పెట్టిన గరిష్ఠ పరిమితి 100. ఆ వేగంలో కూడా, డిక్కీలో 15 కిలోల టమోటా బాక్స్ పెడితే పడే బరువు ఈ రెక్కతో పడితే గొప్పే.

అసలు తమాషా వేరే ఉంది. స్విఫ్ట్‌ను లాగేవి ముందు చక్రాలు. వెనక ఇరుసుకు అవతల నొక్కితే ముందు భాగం తేలికవుతుంది. పట్టు కావాల్సిన చక్రాల నుంచే పట్టు లాక్కోమని మనవాడు ఎదురు డబ్బిచ్చాడు. కిందికి అదిమే గాలి వెనక్కీ లాగుతుంది, కనుక మైలేజీ సంగతీ అంతే.

1969 మేలో బార్సిలోనా పందెంలో ఎత్తు రెక్కలు విరిగి ఫార్ములా వన్ కార్లే కంచెల్ని గుద్దుకున్నాయి. అదే నెల మొనాకోలో వాటిని నిషేధించారు. అవి ఇంజనీర్లు బిగించినవి. మనవి డబుల్ టేపుతో అంటించినవి.

ముందు బంపర్ కింద బిగించిన స్ప్లిట్టర్ పలక మొదటి హంప్‌కే సమర్పయామి. కప్పు మీది షార్క్ ఫిన్‌లో యాంటెన్నా కూడా లేదు.

నవ్వింది చాలు. 2023 అక్టోబర్ 26 ఉదయం పొగమంచులో, చిక్కబళ్ళాపురం దగ్గర ఇదే 44వ నంబరు హైవే మీద ఆగి ఉన్న ట్యాంకర్‌ను టాటా సుమో గుద్ది 13 మంది పోయారు. ఆ రోడ్డు మీద మనిషిని కాపాడేవి బ్రేకులు, టైర్లు, బెల్టు, కంటిచూపు. నీ రెక్క వెనక అద్దానికే అడ్డం. పువ్వుల మూటతో ఎక్సెల్ మోపెడ్ మీద మార్కెట్‌కు పోయే రైతు నీకు కనిపిస్తాడా? టైరు గాడి 1.6 మిల్లీమీటర్లకు అరిగితే మార్చాలి. నీ టైరుకు గాడే లేదు. వెనక కూర్చున్న చెల్లెలికి బెల్టు లేదు. నాన్న పట్టుగూళ్ళు అమ్మి తెచ్చిన డబ్బు మాత్రం డిక్కీ మీద నిక్కి నిలబడింది. సిగ్గుండాలి!

చట్టం ఒప్పుకోని మార్పు చేస్తే మోటారు వాహనాల చట్టం 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రెక్క, స్ప్లిట్టర్, పక్క పలకలు, వెనక డిఫ్యూజర్: నాలుగింటికీ రాస్తే 20,000. ఆ డబ్బుకు స్విఫ్ట్‌కు నాలుగు కొత్త టైర్లు వస్తాయి. పోలీసు రాసేలోపే కొనుక్కో.