ఒక కామిక్ సమీక్షా పద్యం: టీకా తాత్పర్య సహితం

ఆ. బొమ్మ లదిరె, కథయు బోరు కొట్టగ లేదు,
మాంత్రికుండు చచ్చి మరల లేచె,
కవరు లైదు గలవు, కడకు రెండే కొంటి,
పదికి నెనిమి దిత్తు, పైకమేది?

ఈ పద్యం ఒక సమీక్ష. కోనన్ ది బార్బేరియన్ కామిక్ కొత్త సంచిక చదివి మూసిన అభిమాని చెప్పదలచిందంతా ఈ నాలుగు పాదాల్లో ఇమిడింది. కర్త అజ్ఞాతుడు. రచనాకాలం బుధవారం సాయంత్రమని నిశ్చయించవచ్చు, అమెరికాలో కొత్త కామిక్స్ దుకాణాలకు చేరే రోజు అదే గనుక. యతులు నాలుగూ కుదిరాయి. సమీక్షకుల్లో ఇది అరుదైన గుణం.

వస్తువు ‘స్వోర్డ్ అండ్ సోర్సరీ’ అనే కథాజాతి. ఒక కండల వీరుడు, ఒక కత్తి, ఒక మంత్రగాడు, ఒక పాడుబడ్డ నగరం, దాని గర్భంలో తప్పకుండా ఒక పాము. ఈ జాతికి 1961లో పేరు పెట్టినవాడు ఫ్రిట్జ్ లైబర్. పేరు లేనప్పుడే దాన్ని పెంచినవాడు రాబర్ట్ ఇ. హోవర్డ్. టెక్సస్‌లో క్రాస్ ప్లెయిన్స్ అనే చిన్న ఊళ్లో ఉండి అతను రాసిన కోనన్ కథలు 1932 డిసెంబరు నుంచి 1936 అక్టోబరు దాకా వియర్డ్ టేల్స్ పత్రికలో 17 అచ్చయ్యాయి. చివరిది అచ్చు పూర్తయ్యేనాటికి రచయిత లేడు, ముప్ఫయ్యేళ్లకే పోయాడు. ఆ పదిహేడింటి మీద మార్వెల్ సంస్థ 1970 నుంచి 1993 వరకు 275 సంచికలు నడిపింది. సావేజ్ స్వోర్డ్ ఆఫ్ కోనన్ అనే నలుపు తెలుపు పత్రిక దానికి అదనం. తర్వాత కామిక్ హక్కులు డార్క్ హార్స్ సంస్థకు వెళ్లాయి, 2019లో మళ్లీ మార్వెల్‌కు వచ్చాయి, 2023 నుంచి టైటన్ సంస్థ దగ్గర ఉన్నాయి. సూత్రం జానెడు, భాష్యం బారెడు. శాస్త్రాల్లో ఇది కొత్త సంగతేమీ కాదు.

ప్రతిపదార్థం: బొమ్మలు = చిత్రాలు; అదిరె = అదిరెను; కథయు = కథ కూడా; బోరు కొట్టగ లేదు = విసుగు పుట్టించలేదు; మాంత్రికుండు = మంత్రగాడు; చచ్చి = కిందటి నెల సంచికలో చచ్చి; మరల = ఈ నెల సంచికలో; లేచె = లేచెను; కవరులు = అట్టలు; ఐదు కలవు = ఐదు రకాలు ఉన్నాయి; కడకు = ఎంతో ఆలోచించిన మీదట; రెండే = రెండు మాత్రమే; కొంటి = కొన్నాను; పదికిన్ = పది మార్కులకు; ఎనిమిది ఇత్తు = ఎనిమిది ఇస్తాను; పైకము = డబ్బు; ఏది = ఎక్కడ?

తాత్పర్యం: సంచిక బాగుంది, వచ్చేదీ కొంటాడు.

ఇక విశేషాలు. ‘అదురు’ ధాతువుకు వణకడమని మొదటి అర్థం. భూమి అదురుతుంది, గుండె అదురుతుంది, పెదవి అదురుతుంది. కాగితం మీద సిరాతో గీసిన బొమ్మ అదరదు. కాబట్టి ఇక్కడ ముఖ్యార్థం పొసగదు, లక్షణావృత్తిని ఆశ్రయించాలి: బొమ్మ చూసినవాడు అదిరాడు, ఆ అదురు బొమ్మకు ఆరోపితమైంది. పద్యం కథతో కాక బొమ్మతో మొదలవడం యాదృచ్ఛికం కాదు. ఈ జాతి కామిక్స్‌లో అభిమాని ముందు పుటలు తిప్పి బొమ్మలు చూస్తాడు, రెండోసారి వెనక్కి వచ్చి బుడగల్లో మాటలు చదువుతాడు. మార్వెల్ తొలి 24 సంచికల్లో అధికభాగం గీసిన బారీ స్మిత్ సన్నని, అల్లికలాంటి గీత ఒక సంప్రదాయం. 25వ సంచిక నుంచి వచ్చిన జాన్ బుసేమా బలిసిన భుజాలు, బరువైన నీడలు ఇంకొకటి. అభిమానులు ఈ రెండు మఠాలుగా చీలి నేటికీ వాదించుకుంటున్నారు. 2023 ఆగస్టులో టైటన్ తెచ్చిన మొదటి సంచికకు బొమ్మలు గీసిన రాబర్టో డి లా టోరె రెండో మఠం వాడని మొదటి పుటలోనే తెలిసిపోతుంది. అది అనుకరణా, ఉపాసనా అంటే ఉపాసనే అనాలి, గీతలో తొట్రుపాటు లేదు గనుక.

పద్యంలో లోపమూ ఇక్కడే ఉంది. పెన్సిల్ గీతమీద సిరా దిద్దినవారు, రంగులు వేసినవారు, అక్షరాలు రాసినవారు ‘అదిరె’ అన్న ఒక్క క్రియలో మునిగిపోయారు. సావేజ్ స్వోర్డ్‌లో బుసేమా గీత మీద ఫిలిప్పీన్స్ చిత్రకారుడు ఆల్ఫ్రెడో అల్కాలా సిరా దిద్దితే అది మరో చిత్రమే అయ్యేది. అడవిలో ఆకు ఆకుకూ లెక్క చెప్పేవాడాయన. అలాంటి పనికి ఒక విశేషణమైనా దక్కకపోవడం సమీక్షాలోకంలో పాత అన్యాయం.

‘బోరు కొట్టు’ శబ్దపల్లవం. ‘బోరు’ అన్యదేశ్యం. దీన్ని వీధి చివరి బోరింగుతో కలపరాదు. బోరింగు కొడితే బిందెడు నీళ్లయినా వస్తాయి, ఇక్కడ ఆవలింత తప్ప వచ్చేదేమీ లేదు. ‘కొట్టలేదు’ అనక ‘కొట్టగ లేదు’ అనడం గణం కోసం పడిన పాట్లు, అంతకుమించి ధ్వని వెదకనక్కర లేదు. శంక: కథ బాగుందని చెప్పక, బోరు కొట్టలేదని వ్యతిరేకంగా చెప్పడమెందుకు? సమాధానం: మెచ్చుకోవడానికి కథ ఇంకా చేతికి రాలేదు. 1971లో మార్వెల్ నాలుగో సంచిక హోవర్డ్ రాసిన ‘ఏనుగు గోపురం’ కథను మొదలుపెట్టి ముగించింది. ఇప్పుడు అలా లేదు. టైటన్ వారి తొలి కథ ‘బౌండ్ ఇన్ బ్లాక్ స్టోన్’ నాలుగు సంచికలకు సాగింది. రెండో సంచిక మీద సమీక్ష రాయడమంటే లగ్నపత్రిక చూసి పెళ్లిభోజనం ఎలా ఉందో చెప్పడమే. అందుకని అనుభవజ్ఞుడైన సమీక్షకుడు ‘బాగుంది’ అనే సాహసం చేయడు, నిద్ర రాలేదని మాత్రం సాక్ష్యమిస్తాడు. సాగదీత అన్నివేళలా దోషమని కాదు. హోవర్డ్ ఒకే ఒక్క కథలో పుట్టించి చంపిన సముద్రపు దొంగల రాణి బేలిత్‌ను మార్వెల్ రచయిత రాయ్ థామస్ 58వ సంచిక నుంచి 100వ సంచిక దాకా బతికించాడు. వందో సంచికలో ఆమె పోయినప్పుడు పాఠకుడికి కలిగిన దుఃఖం ఆ నలభై పైచిలుకు సంచికల వడ్డీయే.

రెండో పాదం పద్యానికి ప్రాణం. ‘మాంత్రికుండు’ ఇక్కడ ఉపలక్షణం. రాణి, పూజారి, పాము, ఒక్కోసారి సైన్యానికి సైన్యమే ఈ పదంలో చేరతాయి. జిమ్ జబ్ రాసిన టైటన్ తొలి కథలో బ్రిస్సా అనే పిక్ట్ జాతి స్త్రీ వచ్చి హెచ్చరించేది సరిగ్గా ఇలాంటి దండు గురించే, చచ్చి లేచిన యోధుల గుంపు గురించే. ‘చచ్చి’ అన్నది క్త్వార్థకం. చావు పూర్వక్రియ, లేవడం ఉత్తరక్రియ. రెంటికీ కర్త ఒక్కడే కావాలన్న నియమానికి ఇంత చక్కని ఉదాహరణ వ్యాకరణ గ్రంథాల్లో కూడా దొరకదు.

పూర్వపక్షి అంటాడు: చచ్చినవాడు లేవడం ప్రమాణవిరుద్ధం, రచయితకు కొత్త విలన్ తోచకపోతే చేసే పని. ఈ ఆక్షేపానికి ఒకప్పుడు నియమబలం కూడా ఉండేది. అమెరికా కామిక్స్ ప్రచురణకర్తలు 1954లో తమకు తాము విధించుకున్న కామిక్స్ కోడ్ నడిచే శవాలను, రక్తపిశాచాలను, తోడేలు మనుషులను నిషేధించింది. 1971 సవరణలో రక్తపిశాచానికి క్షమాభిక్ష దొరికింది, నడిచే శవానికి దొరకలేదు. పత్రిక సైజులో నలుపు తెలుపులో అచ్చయ్యే వాటికి ఆ కోడ్ వర్తించేది కాదు. 1974లో మొదలైన సావేజ్ స్వోర్డ్‌లో శవాలు యథేచ్ఛగా తిరగడానికి అదే కారణం. సిద్ధాంతి సమాధానం దీనికంటే బలమైనది. మూలకర్తే ఈ పని చేశాడు. హోవర్డ్ నవల ‘ది అవర్ ఆఫ్ ది డ్రాగన్’లో జాల్టోటున్ అనే మంత్రగాడు మూడు వేల ఏళ్ల కిందట చచ్చినవాడు. నలుగురు కుట్రదారులు వాణ్ని లేపుతారు, లేపినందుకు తర్వాత విచారిస్తారు. మూలంలో ఉన్నదాన్ని దోషమనడానికి వీల్లేదు.

మూలంలో లేని మాట ఒక్కటీ రాయనని ప్రతిజ్ఞ చేసిన వ్యాఖ్యాత మల్లినాథసూరి మెదక్ జిల్లా కొల్చారం వాడంటారు. కోనన్ అభిమానిది కూడా ఆ ప్రతిజ్ఞే, కాకపోతే అతను దాన్ని తాను పాటించడు, రచయిత చేత పాటింపజేస్తాడు. ఉదాహరణకు థోత్-అమోన్. కామిక్స్ చదివినవారందరికీ వాడు కోనన్‌కు జన్మశత్రువు. హోవర్డ్ కథల్లో ఆ ఇద్దరూ ఒక్కసారైనా ముఖాముఖి ఎదురుపడరు. 1966 నుంచి లాన్సర్ సంస్థ పేపర్‌బ్యాక్‌లు వేసినప్పుడు ఎల్. స్ప్రేగ్ డి క్యాంప్, లిన్ కార్టర్ కలిసి అసంపూర్ణ కథలు పూరించారు, ఖాళీ ఏళ్లకు కొత్త కథలు కట్టారు, మంత్రగాడికి పెద్దపీట వేశారు. ఇవి ప్రక్షిప్తాలు. వాటిని గుర్తుపట్టి ఏరగలగడమే కొత్త సమీక్షకుడికీ పాత సమీక్షకుడికీ తేడా. మల్లినాథుడు తన కాళిదాస వ్యాఖ్యకు ‘సంజీవని’ అని పేరు పెట్టుకున్నాడు. మాంత్రికుడు లేవడం తప్పైతే మందు ఎవరి దగ్గరుందో చూసుకోవాలి.

తెలుగు పాఠకుడికి ఈ పాదం విదేశీగా తోచదు. దాసరి సుబ్రహ్మణ్యం చందమామలో రాసిన ‘ముగ్గురు మాంత్రికులు’, ‘భల్లూక మాంత్రికుడు’ చదివి పెరిగినవారికి కపాలం, దండం, గుహ ఇంటి సామానే. భేదం ఒకటుంది. చందమామలో మంత్రం తెలిసినవాడు వీరుడికి సాయపడ్డా ఆశ్చర్యం లేదు. హోవర్డ్ లోకంలో మంత్రం చాలావరకు కుళ్లువాసన వేస్తుంది, కోనన్ దాన్ని నమ్మడు. ఆ లోకంలో మనకూ ఒక వాటా ఉంది. ‘ది పీపుల్ ఆఫ్ ది బ్లాక్ సర్కిల్’ (1934) కథలో వెంధ్య అనే దేశం, దాన్నేలే యాస్మినా దేవి, అన్న చావుకు పగ తీర్చుకోవడానికి ఆమె వెతికే నల్ల మాంత్రికులు కనిపిస్తారు. పేరు వింధ్యనుంచి వచ్చిందని వేరే చెప్పనక్కర లేదు. హోవర్డ్ ఈ దేశం ఎన్నడూ చూడలేదు. చూసి రాసినవారి కంటే తక్కువ తప్పులే చేశాడు.

మూడో పాదం పాఠభేదాల గురించి. తాళపత్రాల్లో అట్ట ఒకటే ఉండి లోపలి పాఠం ప్రతి ప్రతికీ మారుతుంది. కామిక్ సంచికలో లోపలి పాఠం ఒకటే, అట్ట మారుతుంది. వీటిని వేరియంట్ కవర్లంటారు. పరిష్కర్తకు తాళపత్రాలన్నీ ఎందుకు కావాలో అందరూ ఒప్పుకుంటారు, అభిమానికి అట్టలన్నీ ఎందుకు కావాలో ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. ‘రెండే’లోని ఏకారం అవధారణార్థకం. సంఖ్యను బిగించి, కర్త నిగ్రహాన్ని చాటుతుంది. ఒక కథ రెండుసార్లు కొన్న దోషాన్ని మూడుసార్లు కొనని గుణంగా చూపిన ఈ ఒక్క అక్షరానికే పద్యమంతటికీ ఇచ్చే మార్కులు ఇవ్వవచ్చు.

‘పదికిన్’ ద్రుతాంతం గనుక నకారం వచ్చింది. అభిమానుల కొలమానంలో పదికి పది ఎప్పుడో చదివిన పాత సంచికకు, అదీ బాల్యంలో చదివిన దానికే చెల్లుతుంది. ఏడు అంటే తిట్టు. ఆరు ఇచ్చినవాడు ఆ రచయితతో బంధుత్వం తెంచుకున్నట్టే. మిగిలింది ఎనిమిది. దాన్ని గణితం అనడం కంటే మర్యాద అనడం సబబు.

‘పైకమేది?’ మొదటి సంచిక ధర 1970లో 15 సెంట్లు. టైటన్ మొదటి సంచిక 3.99 డాలర్లు, ఆనాటి మారకంలో సుమారు 330 రూపాయలు, ఓడ ఖర్చులు కాక. అయితే ఈ ప్రశ్న అభిమాని ఒక్కడిదే కాదు, ఈ కామిక్ పుట్టుకలోనే ఉంది. హోవర్డ్ రచనల వ్యవహారాలు చూసే గ్లెన్ లార్డ్‌కు సంచికకు 200 డాలర్లు ఇస్తామని రాయ్ థామస్ మాట ఇచ్చేశాడు. ప్రచురణకర్త అనుమతించింది అంతకంటే తక్కువ. ఆ తేడా ఎక్కడో పూడ్చాలి. థామస్ కోరుకున్న చిత్రకారుడు బుసేమా, పుటకు ఎక్కువ పుచ్చుకునేవాడు. కనుక తక్కువకు దొరికిన కుర్రవాడు బారీ స్మిత్ చేతికి పని వెళ్లింది. మొదటి పాదంలో బొమ్మలు అదరడానికి నాలుగో పాదంలోని ప్రశ్నే కారణమన్నమాట. ఉపక్రమం ఉపసంహారంలో ఇలా ముడిపడడం కర్తకు తెలిసి జరిగిందా అన్నది విచార్యం.

ఈ చోట ‘పై కథేది?’ అనే పాఠాంతరం కూడా ఉంది. గణాలు చెడవు, యతి చెడదు. తరువాయి వచ్చే నెలనే అని ముగిసిన సంచికకు ఆ పాఠమే సరిపోతుందని ఒక పక్షం. కొన్నవాడి జేబు చూస్తే మొదటి పాఠమే యుక్తమని మరొక పక్షం. రెండూ గ్రాహ్యాలే. సంచిక తెరిచేముందు ‘పైకమేది’ అని, మూసిన తర్వాత ‘పై కథేది’ అని చదువుకోవాలి.