ఆరు చుక్కల పలకను

నా మీద బలపంతో రాయలేరు. నేను బ్రెయిలీ పలకను. ఒక చెక్క, దాని మీద పైనుంచి కిందికి జరిపే రేకు పట్టీ, పట్టీ నిండా చిన్న చిన్న గళ్ళు, ఒక్కో గడిలో ఆరు గుంటలు. ఇదీ నా ఒళ్ళు. నాకు జతగా ఒక పుల్ల ఉంటుంది, గుండ్రటి పిడి, కొసన ఇనుప ముల్లు. దాన్ని స్టైలస్ అంటారు. మా ఇంట్లో నాయనమ్మ మాత్రం గంటం అనేది. ఆవిడ మాటే నాకు నచ్చింది.

మా ఇల్లంటే గంజాం జిల్లా పురుషోత్తంపూర్‌లో ఒక తెలుగువాళ్ళ ఇల్లు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రం అయ్యేదాకా ఈ నేల మద్రాసు కింద ఉండేది. ఏలుబడి మారింది గాని ఇళ్ళలో మాట మారలేదు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, బళ్ళో ఒడియా. ఆ ఇంటి ఆడపిల్లకు పుట్టుకతోనే చూపు లేదు. నేను ఆ పిల్ల పలకను.

సర్వశిక్షా అభియాన్ రోజుల్లో ఒక శిబిరంలో నన్ను ఆమె చేతిలో పెట్టారు. ఆ తర్వాత రెండు వానాకాలాలు కవరు కూడా విప్పకుండా అటక మీద ఉన్నాను. హాజరుపట్టీలో ఆమె పేరు ఉండేది. ఆఖరి బల్ల మీద ఆమె ఉండేది. ఎక్కాలు వినే నేర్చుకుంది. పుస్తకాలు తీయండి అన్నప్పుడు మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఇదంతా తర్వాత ఆమె నా మీద రాసిన మొదటి పెద్ద వ్యాసంలో ఉంది, అందుకే నాకు తెలుసు. పలక ఇచ్చారు, నేర్పేవాళ్ళని ఇవ్వలేదు. ఈ మాట నేను కోపంతోనే చెబుతున్నాను. నాలాంటి పలకలు ఎన్ని అటకల మీద ఉన్నాయో!

నన్ను కిందికి దింపించింది ఒక రిసోర్స్ టీచరు, ఒడియా మాస్టారు. చుట్టుపక్కల బళ్ళన్నీ ఆయన ఒక్కడే తిరగాలి, మా వంతు వారానికి ఒక్కసారి. వచ్చిన మొదటి రోజు ఆయన నన్ను ముట్టుకోలేదు. గుడ్ల అట్ట ఒకటి తెప్పించి, ఆరు గుంటలు వచ్చేలా కోసి, గుప్పెడు చింతపిక్కలు అడిగాడు. ఎడమ పక్క పైనుంచి కిందికి ఒకటి, రెండు, మూడు. కుడి పక్క నాలుగు, ఐదు, ఆరు. ఒకటో గుంటలో పిక్క వేస్తే అ. ఒకటిలోనూ మూడులోనూ వేస్తే క. ఒకటి, మూడు, నాలుగు అయితే మ. ఆ వారమంతా పిల్ల వేళ్ళు ఆ గుంటల్లోనే ఉన్నాయి. వేలికొసలు పదునెక్కాలని బియ్యంలో పెసలు కలిపి ఏరించమన్నాడు మాస్టారు. నాయనమ్మ రోజూ కలిపేది, పిల్ల రోజూ ఏరేది.

పిక్కల నుంచి నా గళ్ళలోకి రావడం తేలిక కాదు. వేలికింద ఒక అక్షరం మొత్తం ఇమడాలి, చుక్కకీ చుక్కకీ మధ్య దూరం రెండున్నర మిల్లీమీటర్లే. పైగా కాగితాన్ని వెనక నుంచి పొడుస్తాం కాబట్టి కుడి నుంచి ఎడమకు రాయాలి, తిప్పి ఎడమ నుంచి కుడికి చదవాలి. చదివేటప్పుడు ఎడమన ఉండే ఒకటో చుక్క రాసేటప్పుడు కుడికి వస్తుంది. ఎన్ని కాగితాలు తారుమారయ్యాయో లెక్కలేదు. మాస్టారు ఒక్కటీ పారేయనివ్వలేదు. లూయీ బ్రెయిల్ కథ చెప్పాడు. మూడేళ్ళ వయసులో, తండ్రి తోలు పని చేసే కొట్టులో, ఆరె గుచ్చుకుని చూపు పోయిన పిల్లాడు. పదిహేనేళ్ళకే, 1824 నాటికి, ఈ చుక్కల రాత కట్టుకున్నాడు. గుచ్చే మొనతోనే అక్షరం పుట్టించాడన్న సంగతి విన్నాక మా పిల్ల నా ముల్లును చాలాసేపు చేత్తో తడిమింది.

ఒక సాయంత్రం నాయనమ్మ అడిగింది. "అమ్మలూ, ఒడియా రాస్తన్నావు గదా, మన అక్షరాలు దీనిమీద రావా?"

పిల్ల మరుసటి వారం మాస్టార్ని అడిగింది. ఆయనకు తెలుగు రాదు. అయినా చెప్పాడు: నీకు వచ్చేశాయి, వేరే నేర్చుకోవడానికి పెద్దగా ఏం లేదని. 1951లో మన దేశ భాషలన్నిటికీ కలిపి భారతి బ్రెయిలీ ఖాయం చేశారు. ఒడియా కకీ తెలుగు కకీ అవే చుక్కలు. కాగితం మీద ఒడియా వాళ్ళ క, మన క ఒకదాన్ని ఒకటి పోల్చుకోలేవు. వేలి కింద రెండూ ఒకటే.

మా ఊరికి దగ్గర్లోనే జౌగడ ఉంది. అక్కడ బండ మీద అశోకుడు చెక్కించిన శాసనాలున్నాయి, బ్రాహ్మీ లిపిలో. మనుషులంతా తన పిల్లలలాంటివారని అక్కడి అధికారులకు చెప్పించిన మాట కూడా ఆ బండ మీదే ఉంది. ఆ బ్రాహ్మీ నుంచే తెలుగు లిపీ వచ్చింది, ఒడియా లిపీ వచ్చింది. తాటాకు మీద గంటంతో రాసీ రాసీ రెండూ గుండ్రబడ్డాయంటారు, కానీ ఎవరి దారిన వాళ్ళు గుండ్రబడ్డారు. అలా విడిపోయిన రెండూ నా గళ్ళలోకి వచ్చి కలుసుకున్నాయి. అందుకే నాయనమ్మ పెట్టిన పేరు నాకంత ఇష్టం.

తెలుగు కోసం ఆమె కొత్తగా నేర్చుకున్నవి కొద్దిపాటి గుర్తులే. ఒడియాలో కురచ ఎ లేదు, కురచ ఒ లేదు. రెండు, ఆరు చుక్కలు పెడితే మన ఎ. ఒకటి, మూడు, నాలుగు, ఆరు పెడితే మన ఒ. ఇంట్లో అప్పటికి తెలుగు చదవగలిగింది నాయనమ్మ ఒక్కతే. ఆవిడ కళ్ళకు పొరలు కమ్మాయి. కళ్ళున్న తమ్ముడు ఒడియా బళ్ళో చదువుతూ తెలుగు అక్షరం ఒక్కటీ ఎరగడు. ఆ ఇంట్లో తెలుగు చదవడం, రాయడం చివరికి మా పిల్లకే మిగిలింది. నాయనమ్మ కథలు చెబుతుంటే రోజూ రాత్రి దీపం అక్కర్లేకుండా రాసుకునేది.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మా పెంకులు ఎగిరిపోయాయి. నేను చెక్కను కాబట్టి నాని బతికాను. కాగితాలు బతకలేదు. సిరా కాగితం తడిస్తే మరకైనా మిగులుతుంది. బ్రెయిలీ కాగితం తడిస్తే చుక్కలు పడుకుంటాయి. ఆరబెట్టిన కాగితాల మీద ఆమె వేళ్ళు పరిగెత్తి, ఎక్కడా ఆగలేకపోయాయి. అప్పుడామె ఏడ్చింది. నాలుగు రోజుల తర్వాత, "నాయనమ్మా, మొదటినించీ చెప్పు" అంది.

ఏడో తరగతి అయ్యాక ఇంట్లో పెద్ద చర్చ. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా ఉచిత చదువు, దగ్గరి బళ్ళోనో ఇష్టపడిన ప్రత్యేక బళ్ళోనో. నన్నడిగితే తమ్ముడితో కలిసి నడిచి వెళ్ళే బడే మేలు, మాస్టారు రోజూ ఉంటే. ఆయన వారానికి ఒక్కసారే. జ్యామితి, పటాలు ఎవరు నేర్పాలి? పిల్ల బరంపురంలోని ప్రత్యేక బడికి వెళ్తానంది. నన్నూ కథల కాగితాల కట్టనూ సంచిలో పెట్టుకుంది.

హాస్టల్లో పక్క మంచం పిల్లది ఒడియా వాళ్ళ ఇల్లు, తెలుగు ముక్క రాదు. ఒక మధ్యాహ్నం ఆ కట్టలోంచి ఒక కాగితం తీసి వేళ్ళు ఆనించి పైకి చదవడం మొదలుపెట్టింది. నాయనమ్మ మాటలు ఒక్కొక్కటే ఆ పిల్ల నోట్లోంచి వస్తున్నాయి. అర్థం తెలియకుండానే, వరసగా వస్తున్నాయి. మా పిల్ల మంచం మీద లేచి కూర్చుంది.

ఒకచోట ఆ పిల్ల వేలు ఆగింది. "రెండు, ఆరు. ఇదేం అక్షరం?" అని ఒడియాలో అడిగింది.

"ఎ" అని మా పిల్ల చెప్పి, నా పట్టీ తెరిచి కాగితం బిగించింది.